నిద్రపట్టని రెండు ర్యాప్ పాటలు

ర్యాప్ బృందం గెటో బాయ్స్ ‘మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మి’ (1991), ర్యాపర్ కిడ్ కడి ‘డే ఎన్ నైట్’ (2008). రెండూ దిగులు పాటలే. ఏది ముందు వినాలంటే నేను మొదటిదే అంటాను.

అందులో ఐజాక్ హేయ్స్ పాత గిటార్ ముక్క మెత్తగా తిరుగుతూ ఉంటుంది. దాని మీద హ్యూస్టన్ కుర్రాళ్లు తమ భయాలన్నీ బయటపెడతారు. చివరి చరణం మాత్రం జాగ్రత్తగా వినండి. హాలోవీన్ రాత్రి బృందంలోని బుష్‌విక్ బిల్ ఓ భారీ ఆకారాన్ని చితకబాదుతుంటాడు. తీరా చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. కాంక్రీటును గుద్ది గుద్ది తన చేతులే రక్తమోడుతున్నాయి. గొప్పలు చెప్పుకునే ర్యాప్ రోజుల్లో ఇలా రాయడానికి గుండె ధైర్యం కావాలి.

కడి పాటలో ఇంత కథ లేదు. ఒంటరి కుర్రాడు, తెగని ఆలోచనలు, గంజాయి పొగ, నిర్మాత డాట్ డ జీనియస్ సింథసైజర్ బీట్, అంతే. సగం పాడతాడు, సగం గొణుగుతాడు. అయినా అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 3వ స్థానం దాకా వెళ్లింది. గెటో బాయ్స్ 23 దగ్గరే ఆగారు. డీజేలు క్రూకర్స్ చేసిన రీమిక్స్ పుణ్యమా అని క్లబ్బుల్లో జనం కడి పాటకు డాన్స్ కూడా చేశారు, అదో వింత!

తన పాటకు ప్రేరణ గెటో బాయ్స్ పాటేనని కడి స్వయంగా చెప్పాడు. వేగంగా సాగే అమెరికన్ యాస అందకపోతే మాత్రం కడితోనే మొదలుపెట్టండి.