విండోస్ ఫైల్ హిస్టరీ: కొన్నేళ్లు వాడాక

పొరపాటున డిలీట్ చేసిన ఫైలుకీ, పాతదాని మీద తప్పుగా సేవ్ చేసేసిన ఫైలుకీ ఫైల్ హిస్టరీ బాగా పనికొస్తుంది. ఇది ఫైళ్ల పాత కాపీలను దాచిపెట్టే, విండోస్‌లోనే ఉండే సదుపాయం. 2012లో విండోస్ 8తో వచ్చింది, 10, 11లలోనూ ఉంది. విడిగా కొనాల్సింది బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒక్కటే.

డిస్క్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ మామూలుగా వాడే డిస్క్ ఫార్మాట్) ఫార్మాట్ చేసి, డెస్క్‌టాప్ అయితే సీపీయూ వెనకవైపు యూఎస్‌బీ పోర్టుకే పెట్టండి. ముందు పోర్టుల్లో ఒక్కోసారి కరెంటు చాలక కాపీ మధ్యలో డిస్క్ ఆగిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి 'టర్న్ ఆన్' నొక్కితే, మారిన ఫైళ్లను గంటకోసారి దాస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. అది దాచేది డెస్క్‌టాప్‌నీ, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీలనీ మాత్రమే. మనలో చాలామంది పనంతా డి డ్రైవ్‌లో పెడతాం, దాన్ని అది ముట్టుకోదు. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ' ఎంచుకోవాలి. విండోస్ 11లో అయితే ముందు 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాలి. ఇది చేయకుండా బ్యాకప్ ఉందనుకుంటే ఏమీ లేనట్టే.

ఫైలు కొంచెం మారినా మొత్తం ఫైలునే మళ్లీ కాపీ చేస్తుంది. 500 ఎంబీల ఫొటోషాప్ ఫైలు మీద ఎనిమిది గంటలు పనిచేస్తే రోజుకు 4 జీబీ పోతుంది. పైగా పాత కాపీలు ఎప్పటికీ ఉంచాలనేది మామూలు సెట్టింగ్. 'అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్'లో దాన్ని 'అంటిల్ స్పేస్ ఈజ్ నీడెడ్'కి మార్చండి, అంటే జాగా చాలనప్పుడు పాతవి తీసేస్తుంది.

వెనక్కి తెచ్చేటప్పుడు 'రిస్టోర్ టు'తో వేరే ఫోల్డర్లోకి తెచ్చుకుంటే ఇప్పుడున్న ఫైలు చెదరదు. నాకు బాగా నచ్చింది మరొకటి: కంప్యూటర్ పూర్తిగా పోయినా డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్లు నేరుగా తెరవొచ్చు. పేరు చివర టైము ఉంటుంది కానీ అది యూటీసీ, అంటే మన టైముకు అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం. 04_30 అని కనిపిస్తే మనకు ఉదయం పది గంటలు.

ఇంట్లో డీటీపీ చేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లు దాచుకున్నా, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. ఫాంట్లు విండోస్ ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి ఫైల్ హిస్టరీకి అందవు. ఫాంట్లనూ ఇన్‌స్టాలర్‌నూ విడిగా కాపీ చేసి పెట్టుకోండి.

అయితే కంప్యూటర్ పక్కనే ఉన్న డిస్క్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు టేబుల్ కింద ఉన్న సీపీయూ, దాని పక్కన డిస్క్ రెండూ ఒకేసారి పోతాయి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినా అంతే, తగిలించి ఉన్న డిస్క్‌నీ వదలదు. గూగుల్ డ్రైవ్ సింక్ కూడా దీనికి బదులు కాదు. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.

అందుకే రెండో డిస్క్ గుంటూరులో అక్కయ్య వాళ్లింట్లో ఉంచుతున్నాం. అటు వెళ్లేటప్పుడు దాన్ని మార్చుకొస్తాం. దానికి ఫైల్ హిస్టరీ అక్కర్లేదు, మామూలు కాపీ చాలు. రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) వాడితే '/MIR' ఆప్షన్ పెట్టకండి, మీరు పొరపాటున తీసేసిన ఫైలును అది రెండో డిస్క్‌లోనూ తుడిచేస్తుంది. '/E' ఆప్షన్ ఇస్తే మీరు తీసేసినవి అక్కడ అలాగే ఉంటాయి, కొత్తవి చేరతాయి, మారినవాటి పాత కాపీ మీద కొత్తది పడుతుంది.