నాలుగు నక్షత్రాలే ఇస్తున్నాను, కారణం గోడ మీద ఉంది

పదహారేళ్ల మా అమ్మాయిని తీసుకుని విజయవాడ నుంచి హైదరాబాద్‌లోని ఈ క్లినిక్‌కి ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాం. అంతకుముందు గ్యాస్ట్రిక్ డాక్టరుకు చూపించాం, అత్తగారి మాట కాదనలేక దిష్టి కూడా తీయించాం. అనొరెక్సియా, అంటే లావవుతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, ఆ మాట మొదట విన్నది ఇక్కడే.

మొదటి రోజు కబుర్లేమీ లేవు. నాడి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ, ఈసీజీ, రక్తపరీక్ష. తిండి మానేసిన పిల్లకు గుండె పరీక్షలెందుకని విసుక్కున్నాను. చాలాకాలం పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా కూరి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చట. నేనేమో ఇంటికెళ్లగానే నెయ్యి సున్నుండలు చేయాలనుకుంటున్నాను!

రెండోసారి మధ్యాహ్న భోజనం తెచ్చుకోమన్నారు. అన్నం, ముద్దపప్పు, బెండకాయ వేపుడు, పెరుగు క్యారియర్‌లో పట్టుకెళ్లాను. డాక్టరు గారు ఎదురుగా కూర్చుని చూశారు. బతిమాలడం, బెదిరించడం, బేరమాడడం అన్నీ ఆ గదిలోనే అయ్యాయి. చివరికి ఆయన అన్నది ఒకటే: "వాదించకండమ్మా. పక్కన కూర్చుని ఇంకో ముద్ద పెట్టండి." ఆ ఒక్క ముద్దకు ఇరవై నిమిషాలు పట్టింది. 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. మొదట ఏం తినాలో, ఎంత తినాలో తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. ఒళ్లు కోలుకునే కొద్దీ ఆ పెత్తనం మెల్లగా పిల్లకు అప్పగిస్తారు.

బంధువుల పెళ్లిలో దాని జాకెట్టు బిగుతైందని నలుగురిలో నవ్వాను. అందువల్లే ఈ జబ్బు వచ్చిందా అని డాక్టరు గారిని అడిగాను. ఏ ఒక్కదానివల్లా రాదన్నారు. వంశంలో ఉండే గుణం, ఆదుర్దా, అన్నీ తప్పు లేకుండా ఉండాలన్న పట్టుదల కలిసిన పిల్లకు డైటింగ్ నిప్పురవ్వ అవుతుందట. ఆ పైన ఆకలే మనసును మార్చేస్తుందట. 1944-45లో అమెరికాలోని మినెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు తిండి బాగా తగ్గించి చూస్తే, వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. మా అమ్మాయి రాత్రుళ్లు వంట వీడియోలు చూసి, పొద్దున అందరికీ వండిపెట్టి తాను ముట్టకపోవడం గుర్తొచ్చింది. దాన్ని నేను పొగరనుకున్నాను.

బరువు చూసేటప్పుడు అంకె కనిపించకుండా వెనక్కి తిప్పి నిలబెడతారు. ఇది నాకు బాగా నచ్చింది. వెయిటింగ్ హాల్లో పరిచయమైన ఒకావిడ కొడుకు బొద్దుగానే ఉంటాడు. అతిగా తిని, కక్కేస్తాడట. తిండికి సంబంధించిన ఇలాంటి జబ్బులు బక్కవాళ్లకే అనుకునేదాన్ని.

ఇక ఫిర్యాదులు. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో ఓట్స్, అవకాడో! పెసరట్టు, పులిహోర అని తిరగరాయించుకోవడానికి రెండు వారాలు పట్టింది. అంతకంటే ఘోరం, అదే వెయిటింగ్ హాల్లో గోడ మీద ముప్పై రోజుల్లో నాజూకు నడుమంటూ ఎవరిదో ప్రకటన. మా అమ్మాయి దానికి వీపు పెట్టి కూర్చుంటుంది. మూడుసార్లు చెప్పాను, నవ్వుతారు, తీయరు.

ముప్పావు గంటకు ఫీజు 1,200 రూపాయలు. అపాయింట్‌మెంట్ రెండింటికైతే భోజనం ఇంటినుంచే తెచ్చుకోండి, పక్క హోటల్లో సాంబారు ఉత్త నీళ్లు.