ఆదోని కాటాల దగ్గర ఆరేళ్లు: గో ఇంటర్‌ఫేస్‌లతో నా అనుభవం

ఆదోని పత్తి యార్డులో ఒక మండీకి తూకం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గో భాషలో రాసి ఆరేళ్లయింది. అంతకుముందు జావాలో పనిచేశాను. అక్కడ ఒక క్లాసు ఫలానా ఇంటర్‌ఫేస్‌ను, అంటే ఏయే పనులు చేయగలగాలో చెప్పే జాబితాను, పాటిస్తుందని 'ఇంప్లిమెంట్స్' అని రాసి చెప్పాలి. గోలో ఆ మాటే లేదు. కావలసిన మెథడ్లు (ఆ పనులు చేసే ఫంక్షన్లు) టైపుకు, అంటే మనం రాసుకున్న డేటా రకానికి, ఉంటే చాలు, కంపైలర్ ఒప్పుకుంటుంది.

మా దగ్గర కాటాలు మూడు రకాలు. ఒక్కోటి బరువును ఒక్కో తీరుగా పంపుతుంది. పాత అలవాటు కొద్దీ మొదట 11 మెథడ్లతో 'కాటా' ఇంటర్‌ఫేస్ రాశాను. రెండో కాటా వచ్చేసరికి అందులో సగం ఊరికే ఖాళీగా రాయాల్సి వచ్చింది. అన్నీ కొట్టేసి 'బరువు' ఒక్కటే ఉంచాను. కిలోలు, ఎర్రర్ తిరిగి ఇస్తుంది, అంతే. ఆ ఇంటర్‌ఫేస్‌ను బిల్లింగ్ కోడ్ పక్కనే పెట్టాను, దాన్ని వాడేది అదే కాబట్టి. మూడో కాటా వచ్చినప్పుడు బిల్లింగ్‌లో ఒక్క లైను ముట్టుకోలేదు. 2022లో గో 1.18 వెర్షన్‌తో జెనరిక్స్ (ఒకే కోడ్‌ను పలు టైపులకు వాడుకునే వీలు) వచ్చినా దాన్ని మార్చే పని పడలేదు.

నాకు ఎక్కువ మేలు చేసింది మాత్రం గోతోనే వచ్చే ఐఓ.రీడర్ అనే ఇంటర్‌ఫేస్. దానికి ఉన్నది ఒకే మెథడ్, రీడ్. కాటా బైట్లు వచ్చే సీరియల్ పోర్టుకూ ఫైలుకూ అది ఉంది. యార్డులో కాటా పంపే బైట్లను ఒకరోజంతా ఫైల్లో పట్టి పెట్టుకున్నాను. ఇంట్లో కూర్చుని అదే కోడ్‌కు ఆ ఫైలు ఇస్తే కాటా ముందు నిలబడినట్టే.

ఒక దెబ్బ మర్చిపోలేను. గోలో ఎర్రర్ కూడా ఒక ఇంటర్‌ఫేసే. దాని కోసం సొంత టైపు రాసుకుని, ఆ టైపు పాయింటర్‌ను (మెమరీలో అది ఉన్న చోటును) ఎర్రర్‌గా తిరిగి పంపాను. తప్పేమీ లేనప్పుడు ఆ పాయింటర్ నిల్లే, అంటే ఖాళీయే. అయినా అందుకున్న చోట 'నిల్ కాదు' అని తేలింది. ఇంటర్‌ఫేస్ విలువలో టైపు, విలువ అని రెండు భాగాలుంటాయి. రెండూ ఖాళీగా ఉంటేనే అది నిల్. నా దాంట్లో టైపు నిండి ఉంది. కంపైలర్ ఏమీ అనలేదు. ఆ పొద్దున ప్రతి తూకానికీ ఎర్రర్, బయట బండ్ల వరుస, ఎండలో రైతులు. మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. కొత్తగా చేరే పిల్లలకు ముందు ఇదే చెప్తాను: తప్పు లేకపోతే నేరుగా నిల్ అని రాసి పంపండి.

ఇంకొకటి. ఏ టైపు ఏ ఇంటర్‌ఫేస్‌కు సరిపోతుందో కోడ్ చూడగానే తెలియదు. అందుకే ప్రతి కాటా ఫైల్లో పైన, ఆ టైపును 'కాటా'కు అప్పగించే ఒక లైను రాస్తాను. మెథడ్ పేరులో అక్షరం తప్పినా బిల్డ్ అక్కడే ఆగుతుంది.

కర్నూలు ఉల్లి మండీ వాళ్లు కూడా ఇప్పుడు అడిగారు. వాళ్ల కాటా బ్లూటూత్‌ది. దానికి 'బరువు' రాస్తున్నాను.