జాగ్రత్త: ‘స్కార్ ప్లస్ వాల్యూమ్ కాంబో’ – ఫిల్లర్ సిరంజి సీలు మీ కళ్ల ముందు విప్పారా?

పేరు రాయను. రాస్తే తెల్లారేసరికి లాయర్ నోటీసు వస్తుంది, అందులో వాళ్లది అందెవేసిన చెయ్యి. మెట్రో పిల్లర్ల మీద పెళ్లికూతురి బొమ్మతో హోర్డింగులు పెట్టే క్లినిక్ అంటే హైదరాబాద్‌లో మొటిమల గుంటలున్న ప్రతివాడికీ అర్థమవుతుంది. ఇప్పుడు ‘పండగ ఆఫర్’ అని అందరి ఫోన్లకీ కొడుతున్నారే, ఆ కాంబో గురించే ఈ పోస్టు.

లక్ష రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 1,18,000. అందులో సబ్‌సిషన్ (గుంట కింద కట్లని సూదితో తెంపడం) రెండు, ఎంఎన్‌ఆర్‌ఎఫ్ (సూదులతో చర్మం లోపల వేడి పెట్టే మెషీన్) నాలుగు, పీఆర్‌పీ (మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) రెండు, ఫిల్లర్ (పల్లం నింపడానికి చర్మం కింద వేసే జెల్) 3 ఎంఎల్. మొహం నిండా నంబింగ్ క్రీమ్, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆ అవతారంలో ఈఎంఐకి ఓటీపీ చెప్పాను. ఆ క్రీమ్ పట్టడానికి 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. వాళ్ల సేల్స్ అంతా ఆ గంటలోనే. మొద్దుబారేది చర్మమే అనుకున్నా, బుర్ర కూడా అని తర్వాత తెలిసింది.

ఇక అసలు సంగతి. సబ్‌సిషన్ అయిపోయింది, రెండు చెంపలూ రక్తంతో తడిసి ఉన్నాయి. నర్సు స్టీలు ట్రేలో ఫిల్లర్ సిరంజి పట్టుకొచ్చింది. మూత లేదు. అట్టపెట్టె లేదు. సీలు చించిన ప్లాస్టిక్ ట్రే లేదు. సూది అప్పటికే బిగించి ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ప్లంజర్ సగం దాకా లోపలికి దిగి ఉంది. 1 ఎంఎల్ సిరంజి కొత్తదైతే గీతల పై దాకా జెల్ నిండుగా ఉండాలి. ఇందులో మహా అయితే 0.4. “ఇదేంటి, సగమే ఉంది? బాక్స్ చూపించండి, బ్యాచ్ నంబరుండే లాట్ స్టిక్కర్ కావాలి” అన్నాను. నర్సు డాక్టర్ వైపు చూసింది, డాక్టర్ తలుపు వైపు చూశాడు, తలుపులోంచి ప్యాకేజీలు అమ్మే కౌన్సెలర్ గారు ఊడిపడ్డారు. “సార్, మీరు డాక్టరా? ఇంటర్నెట్‌లో చదివొచ్చి మాకు నేర్పిస్తారా? బాక్స్ స్టోర్‌లో ఉంది, లేట్ చేస్తే రిజల్ట్ పాడవుతుంది, పడుకోండి.”

పడుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ పడుకున్నాను. ఫిల్లర్ సిరంజి ఒక మనిషికి మాత్రమేనని తెలుసు, సీలు రోగి ముందే విప్పాలని తెలుసు, పెట్టెలో స్టిక్కర్లు ఇచ్చేదే ఒకటి కేస్ షీటుకి, ఒకటి మనకి అనీ తెలుసు. ఇన్ని తెలిసిన మహానుభావుడు “పడుకోండి” అనగానే పడుకున్నాడు.

వెళ్లేటప్పుడు కౌంటర్ దగ్గర మళ్లీ స్టిక్కర్ అడిగితే మర్నాడు పొద్దున వాట్సాప్‌లో ఫోటో పెట్టారు. కేస్ షీటు మీద అంటించిన స్టిక్కర్. పెద్దది చేసి చూశాను. పైన పేరు పెన్నుతో కొట్టేసి ఉంది, కింద తేదీ నాకంటే తొమ్మిది రోజుల ముందుది. అంటే ఎవరికో వేయగా మిగిలింది నా చెంపల్లో ఉంది. ఫోన్ చేస్తే “అది టైపింగ్ మిస్టేక్ సార్” అన్నారు. పెన్నుతో రాసినదానికి టైపింగ్ మిస్టేక్!

ఇది డబ్బు విషయం ఒక్కటే కాదు. ఒకరికి పొడిచిన సిరంజి ఇంకొకరికి వాడితే సూది మార్చినా సరిపోదు. సూదిలోంచి రక్తం వెనక్కి బ్యారెల్‌లోకి వస్తుంది. అమెరికాలో న్యూ మెక్సికోలో ఒక స్పా పీఆర్‌పీ ఫేషియల్స్ ఇలాగే అడ్డదిడ్డంగా చేస్తే అక్కడికి వెళ్లినవాళ్లలో కొందరికి హెచ్‌ఐవీ సోకింది. 2018లో ఆ స్పా మూతపడింది, 2024లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రిపోర్టు రాసింది. మీకు ఇలాంటి అనుమానం వస్తే గడియారం చూసుకోండి. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. గాంధీలోనూ ఉస్మానియాలోనూ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లు ఉన్నాయి, మందులు అవసరమా కాదా వాళ్లే చెబుతారు. హెపటైటిస్ బి, సి పరీక్షలూ చేయించుకోవాలి. ఒకసారి నెగెటివ్ వస్తే అయిపోయినట్టు కాదు, వాళ్లు చెప్పిన తేదీలకి మళ్లీ చేయించాలి.

కాంబో అన్న ఆలోచనే మోసం అనుకోకండి. చేయడం తెలిస్తే కలిపి చేయడమే సరైన పద్ధతి. గుంటలన్నీ ఒకటి కావు మరి. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి ఐస్ పిక్. అంచులు నిలువుగా తెగినట్టు, అమ్మవారు పోసిన మచ్చలా ఉండేవి బాక్స్‌కార్. అంచు ఎక్కడో తెలియకుండా పల్లంలా ఒంగి ఉండేవి రోలింగ్. రోలింగ్ గుంట కింద పీచుకట్లు ఉంటాయి, చర్మాన్ని అవి లోపలికి లాగి పట్టుకుంటాయి. పైన ఎన్ని లేజర్లు కొట్టినా అవి తెగవు. వాటిని తెంపడానికే సబ్‌సిషన్, 1995లో ఓరెంట్రైక్ తండ్రీకొడుకులు ఆ పేరుతో రాసిన పద్ధతి. ఐస్ పిక్‌కి దానితో పని లేదు, టీసీఏ క్రాస్ కావాలి. 65 నుంచి 100 శాతం యాసిడ్, చెక్కిన టూత్‌పిక్ మొనతో గుంట అడుక్కి మాత్రమే, తెల్లగా పొంగేదాకా. మన రంగు వాళ్లకి అంచు దాటి అంటిందంటే నల్ల మచ్చ నెలల తరబడి పోదు. నా బిల్లులో క్రాస్ అసలు లేనే లేదు, మొహం మీద మాత్రం ఐస్ పిక్‌లు ఇరవై దాకా ఉన్నాయి. ప్యాకేజీ మొహం చూసి కాదు, మెనూ కార్డు చూసి రాస్తారు కాబట్టి.

ఫిల్లర్ ఎవరికి పనికొస్తుందో ఇంట్లోనే తేలుతుంది. అద్దం ముందు నిలబడి, పక్క నుంచి లైటు పడేలా చూసుకుని, రెండు వేళ్లతో చెంపని చెవి వైపు మెల్లగా లాగండి. అప్పుడు మాయమైన గుంటలకే ఫిల్లర్‌తో వాల్యూమ్ నింపడం పనికొస్తుంది. వయసుతో చెంప కొవ్వు తగ్గుతుంది, కింద ఎముక కూడా కొంచెం వెనక్కి పోతుంది, చర్మం జారి పాత గుంటల నీడ పెరుగుతుంది. లాగినా కదలని గుంట దగ్గర మాత్రం ఫిల్లర్ డబ్బు దండగ. 3 ఎంఎల్ అంటే బోలెడు అనుకోకండి, టీ స్పూనే 5 ఎంఎల్. చెంపలు బాగా పీక్కుపోయినవాళ్లకి రెండు వైపులా కలిపి 2 నుంచి 4 ఎంఎల్ మామూలే, కణతలకి వేరే. వాళ్లు నాకు 3 ఎంఎల్ బిల్లు వేసి ఆ 0.4 వేసి “మిగతాది నెక్స్ట్ సిట్టింగ్” అన్నారు.

సబ్‌సిషన్ ఎలా చేయాలో చెప్తాను, దీన్నిబట్టి మీ క్లినిక్ బండారం మీకే తెలుస్తుంది. ముందు కూర్చోబెట్టి, పై నుంచి లైటు వేసి, మార్కర్‌తో ఒక్కో గుంట చుట్టూ గీయాలి. పడుకోబెడితే చెంప వెనక్కి జారి సగం గుంటలు చదునైపోతాయి, ఇక ఏం గీస్తారు? తర్వాత అడ్రినలిన్ (రక్తనాళాల్ని బిగించే మందు) కలిపిన లిగ్నోకైన్ మత్తుమందు ఎక్కించి, చర్మం తెల్లబడేదాకా పది పదిహేను నిమిషాలు ఆగాలి. అది ఆగకపోతే రక్తం ధారగా పోతుంది. ఆ తర్వాత మొన చిన్న కత్తిలా ఉండే 18 గేజ్ నోకోర్ సూది గానీ మొన లేని కాన్యులా గానీ చర్మం కిందికి దూర్చి విసనకర్రలా తిప్పుతూ కట్లు తెంపాలి. తెగుతుంటే చెప్పు కింద కంకర నలిగిన చప్పుడు మన చెవికే వినిపిస్తుంది. అయ్యాక ఐదు నుంచి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి, లేదంటే రక్తం గడ్డకట్టి ఉండలు మిగులుతాయి. కమిలిన రంగు పోవడానికి వారం పది రోజులు. నాకేమో మార్కర్ లేదు, కూర్చోబెట్టడం లేదు, గోడ గడియారం ప్రకారం రెండు చెంపలకీ కలిపి నాలుగు నిమిషాలు. నొక్కడానికి దూది నా చేతికే ఇచ్చారు.

ఆ తర్వాత ఫిల్లర్, ఆ ఫిల్లర్ మీదే ఎంఎన్‌ఆర్‌ఎఫ్. అదే రోజు, అదే చోట! ఈ వరస చూసి ఎవరికైనా ఒళ్లు మండాలి. ఎంఎన్‌ఆర్‌ఎఫ్ అంటే సూదుల గుత్తి చర్మంలోకి దిగి, మొనల దగ్గర రేడియో ఫ్రీక్వెన్సీ వేడి వదలడం. చెంప మీద లోతు మూడు మిల్లీమీటర్లు దాటినా దాటుతుంది. అప్పుడే వేసిన జెల్ మీద దాన్ని అదిమి అదిమి గుద్దితే జెల్ పక్కకి జరుగుతుంది, వేడికి పాడవొచ్చు, వందల కొద్దీ కన్నాల గుండా బయటి మురికి జెల్ దాకా పోతుంది. ఒకే రోజు చేయాల్సి వస్తే ఎంఎన్‌ఆర్‌ఎఫ్ ముందు, ఫిల్లర్ ఆఖరున, అదీ లోతు పొరలో. ఫిల్లర్ ముందే పడితే ఆ చోట సూదుల మెషీన్ కనీసం రెండు వారాలు తాకకూడదు, నాలుగు వారాలు ఆగేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే మొదటి రోజు సబ్‌సిషన్ చేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, ఎంత లేచిందో చూసుకుని, మిగిలిన పల్లానికే ఫిల్లర్ లెక్క వేయాలి. అలా చేస్తే సిరంజిలు తక్కువ పడతాయి. అందుకే అలా చేయరు. మెషీన్ టిప్ కూడా ఒక మనిషికి ఒకటే, సీలు చించి బిగించాలి. నా మీద వాడింది మెషీన్‌కే బిగించి ఉంది, నేను వెళ్లేసరికే. ముందు ఎంతమందికి దిగిందో ఆ దేవుడికే తెలియాలి.

ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే మొదటి గుర్తు చర్మం పాలిపోవడం, తర్వాత వల పరిచినట్టు ఊదా రంగు, మామూలు కంటే ఎక్కువ నొప్పి. కానీ అడ్రినలిన్ ఎక్కించిన చెంప ముందే తెల్లగా ఉంటుంది, లిగ్నోకైన్‌తో నొప్పీ తెలియదు. రెండు గుర్తులూ మరుగున పడతాయి. అందుకే ఆ గదిలో ఫిల్లర్‌ని కరిగించే మందు, హయాలురోనిడేజ్ వయల్స్ చేతికందేలా ఉండాలి. మన దగ్గర 1500 యూనిట్లది దొరుకుతుంది, ఇలాంటప్పుడు ఒకటి సరిపోకపోవచ్చు. అది కరిగించేది హయాలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ని మాత్రమే. పీఎంఎంఏ రకం పర్మనెంట్ ఫిల్లర్ అంటగడితే అది కరగదు, తప్పు పోతే కత్తే దిక్కు. నేను “హయాలురోనిడేజ్ ఉందా?” అంటే “హయాలురోనిక్ సీరమ్ రిసెప్షన్‌లో అమ్ముతాం సార్” అన్నారు. అప్పుడైనా లేచి రావాల్సింది.

ఫోటో కథ కూడా వినండి. ‘బిఫోర్’ పై లైటు కింద, గడ్డం కిందికి దించి. ‘ఆఫ్టర్’ టేబుల్ మీదే, రింగ్ లైటు ముందు, మత్తుమందు నీళ్లతో చెంపలు బూరెల్లా ఉబ్బి ఉండగా. ఆ వాపుకి ఎవరి గుంటలైనా పూడతాయి. గూగుల్‌లో ఐదు స్టార్లు ఇస్తే హైడ్రాఫేషియల్ ఫ్రీ అట. ఇవాళ ఆరో రోజు. వాపు దిగింది, గుంటలు యథాస్థానానికి వచ్చాయి, కొసరుగా చెంప మీద జల్లెడ అచ్చు మిగిలింది. చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ కట్టడానికి నెలలు పడుతుంది నిజమే, ఫలితం ఆఖరి సిట్టింగ్ అయిన మూడు నెలలకి, అదే లైటులో తీసిన ఫోటోతోనే తేల్చాలి. మరి టేబుల్ మీద తీసిన ఆ ఫోటో ఏం తేల్చిందో వాళ్లే చెప్పాలి.

రీఫండ్ అడిగితే వచ్చిన జవాబు యథాతథంగా: “నాన్ రిఫండబుల్ సార్. మీకు వద్దంటే మిగతా సిట్టింగులు మీ చెల్లికి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి.” వాడేసిన సిరంజి నాకు, మిగిలిన సిట్టింగులు నా చెల్లికి!

వెళ్లక తప్పదు అనుకునేవాళ్లకి నాలుగు ముక్కలు. ప్యాకేజీ కొనొద్దు, సిట్టింగుకి సిట్టింగే కట్టండి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు మెడికల్ కౌన్సిల్ సైట్‌లో చూసుకోండి, కోటు చూసి మోసపోవద్దు. ఫిల్లర్ పెట్టె మీద ఎంఆర్‌పీ, ఎక్స్‌పైరీ, దిగుమతిదారు పేరు, ఇంపోర్ట్ లైసెన్స్ నంబరు ఉండాలి. సీలు విప్పకముందే ఫోటో తీసుకోండి, స్టిక్కర్ పర్సులో పెట్టుకోండి. విప్పిన సిరంజి వస్తే మొహాన క్రీముతోనే సరే, ఆటో ఎక్కేయండి. యాప్‌లో ఈఎంఐ లోన్ తీసుకుని ఉంటే కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో అదే రోజు చూడండి, ఆ గడువులో అసలూ, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. నేను ఆరో రోజు చూశాను, ఆ తెలివి గురించి వేరే చెప్పాలా. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంది.

కేస్ షీటు కాపీ రాతపూర్వకంగా అడిగితే డాక్టర్ 72 గంటల్లో ఇవ్వాలి, మెడికల్ కౌన్సిల్ నిబంధన. సోమవారం సాయంత్రం నాలుగింటికి కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. రిసెప్షన్ అమ్మాయి స్టాంపు వేసి, నవ్వుతూ “ఫీడ్‌బ్యాకా సార్?” అంది. గురువారం నాలుగింటి దాకా చూస్తాను.