పాత అకార్డ్ లెదర్ సీట్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మాది 2010 మోడల్ హోండా అకార్డ్. 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఉండేది విజయవాడలో. ఇంజిన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వేళకు ఆయిల్ మారిస్తే దాని పని అది చేసుకుపోతుంది. నేను ముచ్చటపడి చూసుకునేవి లేత గోధుమరంగు లెదర్ సీట్లు. వాటికి ఇన్నేళ్లుగా మూడు వాడుతున్నాను: లెక్సాల్ క్లీనర్, లెక్సాల్ కండిషనర్ (తోలు మెత్తగా ఉండాలని రాసేది), కలర్‌లాక్ వాళ్ల లెదర్ ఫ్రెష్ అనే రంగు. వీటిలో పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది క్లీనరే. అందరూ ముందుగా కొనే కండిషనర్‌తో ఒరిగేది అన్నిటికంటే తక్కువ.

కారణం సీటు తయారీలోనే ఉంది. ఈ తరం కార్లలో చాలావాటికి తోలు మీద రంగు పూత, దాని మీద పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పొర ఉంటాయి. మన ఒంటికి తగిలేది ఆ పొరే. అనుమానముంటే ఓ నీటి చుక్క వేసి చూడండి. అలాగే నిలబడితే పూత బాగున్నట్టు. ఇంకిపోయి మచ్చ కడితే అక్కడ పూత అరిగిపోయినట్టు, లేదా అది అసలు పూత వేయని తోలు. మా కార్లో అన్ని సీట్ల మీదా నిలబడింది గానీ డ్రైవర్ సీటుకు డోర్ వైపు అంచులో మాత్రం ఇంకిపోయింది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రాసుకునేది ఆ అంచే కదా. పూత బాగున్న చోట ఎంత ఖరీదైన కండిషనర్ రాసినా లోపలికి దిగేది కొంచెమే. మిగతాదంతా పైన జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పడుతుంది. అందుకే నేను ఏడాదికి రెండు మూడుసార్లు పల్చగా రాసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచేస్తాను. ముట్టుకుంటే కొంచెం మెత్తగా అనిపిస్తుంది, అంతవరకూ నిజమే. సీటు పక్కలూ వెనకభాగమూ చాలా కార్లలో తోలు కాదు, తోలులా కనిపించే వినైల్ అనే ప్లాస్టిక్. అక్కడ కండిషనర్ దండగ.

క్లీనర్ సంగతి వేరు. సీటు పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. మెత్తటి బ్రష్ మీద క్లీనర్ వేసి నురగ తెప్పించి, జానెడు మేర గుండ్రంగా తిప్పితే ఆ తెల్లటి నురగ కాసేపటికి టీ రంగులోకి తిరుగుతుంది. చెమట, దుమ్ము, జీన్స్ ప్యాంట్ల రంగు, హెడ్‌రెస్ట్ దగ్గరైతే తలనూనె, అన్నీ అందులో కనిపిస్తాయి. కూర్చున్న ప్రతిసారీ ఆ దుమ్ము ఉప్పుకాగితంలా పూతను అరగదీస్తుంది. నూనె, చెమట కలిసి పూతను మెత్తబరుస్తాయి. హెడ్‌రెస్ట్ నల్లబడితే వెంటనే పట్టించుకోమని అందుకే అందరికీ చెబుతుంటాను. గట్టిగా రుద్దక్కర్లేదు, తడిపి ముద్ద చెయ్యక్కర్లేదు. చిన్న చిన్న రంధ్రాలున్న సీట్లయితే నురగ బ్రష్ మీదే ఉండాలి, సీటు మీద నేరుగా స్ప్రే చేస్తే రంధ్రాల్లోకి దిగి ఫోమ్ తడిసిపోతుంది.

వాటర్ వాష్‌కి ఇచ్చేటప్పుడు సీట్లు ముట్టుకోవద్దని ముందే చెప్పేస్తాను. తోలుది కొంచెం ఆమ్ల స్వభావం, పీహెచ్ సుమారు 4, 5 మధ్య ఉంటుంది. సీట్లను బట్టల పౌడర్ నీళ్లతో కడిగేస్తారేమోనని నా భయం, వాటి పీహెచ్ 10 దాకా వెళ్తుంది, అంటే క్షార స్వభావం, తోలుకు పడదు. ఒకసారి ఓ డీటెయిలింగ్ షాపులో అడక్కుండానే మెరుపు స్ప్రే కొట్టి ఇచ్చారు. సీట్లు అద్దంలా మెరిశాయి, బ్రేక్ వేస్తే కూర్చున్నవాళ్లు ముందుకు జారారు. నిజంగా కోపం వచ్చింది. అలాంటి వాటిలో సిలికాన్ ఉంటుంది. అది పూర్తిగా పోకుండా తర్వాత ఎంత మంచి రంగు వేసినా పట్టదు, ఊడిపోతుంది.

ఇక లెదర్ ఫ్రెష్. చూడగానే తేడా తెలిసేది దీనితోనే. అరిగిన అంచును శుభ్రం చేసి, స్పిరిట్ గుడ్డతో జిడ్డు తీసి, స్పాంజి ముక్కతో రంగును అద్దుతూ పోవాలి, పూసినట్టు లాగకూడదు. ఒక పొర ఆరాక ఇంకో పొర. మధ్యలో హెయిర్ డ్రయ్యర్ పెడితే తొందరగా ఆరుతుంది. దారాల్లాంటి సన్నటి గీతలు కలిసిపోతాయి, తెల్లబడ్డ చోటు పక్కదానితో ఒకటైపోతుంది. గోరు దిగేంత పగుళ్లు మాత్రం రంగుతో పోవు. వాటికి లెదర్ ఫిల్లర్ (పగుళ్లు పూడ్చే ముద్ద) పెట్టాలి, తోలు చిరిగితే వెనక గుడ్డ అతికించాలి, లేదా అప్‌హోల్స్టరీ షాపులో ఆ ఒక్క ముక్కే మార్పించాలి. సీటంతా మార్చాల్సిందేనని ఎవరైనా అంటే ఇంకో చోట కూడా అడగండి. డోర్ వైపు అంచులో రాపిడి ఆగదు కాబట్టి ఏడాది తిరిగేసరికి మళ్లీ కొంచెం అద్దాల్సి వస్తుంది. మిగతా చోట్ల వేసిన రంగు ఇంకా అలాగే ఉంది.

మే నెల ఎండలో అద్దాలు మూసి పార్క్ చేస్తే లోపల ఏది ముట్టుకున్నా చెయ్యి కాలుతుంది. ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టడం మొదలుపెట్టాక ముందు సీట్ల తోలు బిగుసుకోవడం బాగా తగ్గింది. వానాకాలం కారు కదలకుండా ఉంటే కుట్ల వెంట తెల్లగా బూజు వస్తుంది. కొంచెం తడి గుడ్డతో తుడిచి, తలుపులు తీసి బాగా ఆరనిస్తే సరిపోతుంది.

రంగు ఆర్డర్ చేసేవాళ్లకు ఒక్క విషయం. కంపెనీ కలర్ కోడ్ చూసి తెప్పిస్తే అది కొత్త సీటు రంగులో వస్తుంది. పదేళ్లు ఎండకు వెలిసిన సీటు మీద అది ముదురు మచ్చలా కనిపిస్తుంది. అరిగిన చోటు పక్కనే ఉన్న తోలును శుభ్రం చేసి, పగటి వెలుతురులో దానితో పోల్చి షేడ్ ఎంచుకోండి. వేసే ముందు, సీటు కింద కనపడని చోట ఒక చుక్క అద్ది, పూర్తిగా ఆరాక చూడండి, తడిమీద రంగు వేరేగా ఉంటుంది.