బుడాపెస్ట్‌లో హంగేరియన్ భోజనం: పాత వైభవశాలలోనా, వాడకట్టు హోటల్లోనా, మధ్యాహ్నపు మెస్సులోనా?

చదువుకో, ఉద్యోగానికో, మధ్య యూరప్ యాత్రలో భాగంగానో బుడాపెస్ట్ చేరిన వారు అసలైన హంగేరియన్ భోజనం ఎక్కడ చేయాలని అడిగితే సాధారణంగా మూడు రకాల సమాధానాలు వస్తాయి. ఒకటి షాండిలియర్లు, వయొలిన్ బృందం, గంజి పెట్టిన తెల్లని మేజాబట్టలు ఉన్న నూరేళ్ల నాటి పెద్ద రెస్టారెంట్. రెండోది నివాస ప్రాంతాల్లో వీధి మలుపున కనిపించే చిన్న హోటల్. దాన్ని అక్కడివారు కిష్వెండేగ్లో అంటారు. మూడోది ముఖ్యంగా మధ్యాహ్న భోజనానికే నడిచే ఏత్కెజ్దె. మన వాడుకలో దానికి దగ్గరి పేరు మెస్. ఈ మూడూ ఒకే వంటను మూడు ధరలకు అమ్ముతున్నాయని అనుకుంటే పొరపాటు. ఒక్కో చోట కొన్ని వంటలు శ్రద్ధగా తయారవుతాయి, మిగిలినవి మొక్కుబడిగా సాగిపోతాయి. చేతిలో ఒక్క సాయంత్రమే ఉంటే నేను నిస్సంకోచంగా వాడకట్టు హోటల్‌నే ఎంచుకుంటాను. అయితే శాకాహారులకు, పగటి పూట వీలున్నవారికి నా సలహా వేరుగా ఉంటుంది.

ఈ తేడాలు అర్థం కావాలంటే ముందు ఆ వంట ఎలా తయారవుతుందో చూడాలి. సంప్రదాయ హంగేరియన్ వంటకు పునాది పందికొవ్వు, ఉల్లిపాయ, ఎర్రటి పప్రికా పొడి. సన్నగా తరిగిన ఉల్లిపాయలను కొవ్వులో నిదానంగా మగ్గించి, గిన్నెను మంట మీది నుంచి దించి, అప్పుడు పొడి వేసి వెంటనే మాంసమో నీళ్లో కలుపుతారు. ఆ పొడిలో చక్కెర శాతం ఎక్కువ కాబట్టి, మంట మీదనే వేస్తే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. ఈ పునాది మీద మాంసాన్ని తక్కువ నీటితో గంటల తరబడి ఉడికిస్తే చిక్కటి పొర్‌కొల్త్ అవుతుంది; చివర పిండి కలిపిన పుల్లటి మీగడ చేరిస్తే పప్రికాష్ అవుతుంది; నీళ్లు, బంగాళాదుంపలు ఎక్కువగా పోస్తే గుయాష్ అవుతుంది. బయటి దేశాల్లో గుయాష్ పేరుతో వడ్డించే చిక్కటి కూర నిజానికి పొర్‌కొల్త్‌కు దగ్గర; హంగేరీ మైదానాల పశువుల కాపరుల ఇనుప కళాయిలో పుట్టిన గుయాష్ మాత్రం గిన్నెలో పోసుకుని చెంచాతో తాగే సూప్. ఇటువంటి వంటకు ఖరీదైన సరుకు కన్నా సమయం, ఓపిక ముఖ్యం కనుక ధర పెరిగినంత మాత్రాన రుచి పెరగదు.

కారం సంగతి కూడా ముందే చెప్పాలి. తురుష్కుల పాలనాకాలంలో హంగేరీకి చేరిన మిరప అక్కడి సెగెద్, కలొచా ప్రాంతాల్లో స్థిరపడి, తరతరాల ఎంపికలో ఘాటు తగ్గి రంగు, తీపి పెరిగిన పంటగా మారింది. ఆల్బర్ట్ సెంట్ జ్యార్జి సెగెద్ మిరపకాయల నుంచే విటమిన్ సి ని పెద్ద మొత్తంలో వేరు చేయగలిగారు; 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కనుక ప్లేటు ఎర్రగా ఉందని గుంటూరు మిరప ఘాటును ఊహించుకోకూడదు. రంగు ఎక్కువ, కారం తక్కువ అన్న విషయంలో అది వరంగల్ చపాటా మిరపకు దగ్గరి చుట్టం. కారం కావాలనిపిస్తే ఎరోష్ పిష్తా అనే మిరప ముద్ద అడగవచ్చు. వాడకట్టు హోటళ్లలో అడిగితే చిన్న గిన్నెలో తెచ్చిస్తారు.

ఇక పెద్ద రెస్టారెంట్ల విషయం. సిటీ పార్కులో జంతు ప్రదర్శనశాల పక్కనున్న, గుండెల్ పేరుతో ప్రసిద్ధమైన హోటల్‌ను 1910లో కారోయ్ గుండెల్ చేపట్టి, హంగేరియన్ వంటలోని బరువును ఫ్రెంచ్ పద్ధతులతో తగ్గించి, దానికి అంతర్జాతీయ గౌరవం తెచ్చారు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో హంగేరియన్ రెస్టారెంట్ నడిపింది కూడా ఆయనే. 1949లో ప్రభుత్వం ఆ హోటల్‌ను జాతీయం చేసింది; కమ్యూనిస్టు పాలన ముగిశాక, హంగేరీలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న రెస్టారెంట్ల నిర్వాహకుడు జార్జ్ లాంగ్, అమెరికన్ వ్యాపారవేత్త రొనాల్డ్ లాడర్‌తో కలిసి, 1992లో దాన్ని మళ్లీ తెరిచారు. నగర కేంద్రంలో 1877 నాటి కార్పాతియా, 1904 నాటి మాత్యాష్ పిన్సె కూడా ఈ కోవలోనివే. రంగుల గాజు, గోడ చిత్రాలు, చెక్కిన కమానులతో అవి భోజనశాలల కన్నా దర్బారుల్లా కనిపిస్తాయి. ఇటువంటి చోట డబ్బులో పెద్ద భాగం ఆ గదికి, సేవకు, సంగీతానికి పోతుంది. దాన్ని తప్పు పట్టనవసరం లేదు, కానీ తెలిసి వెళ్లాలి. రోమా సంగీతకారుల బృందం, అందులో మన సంతూర్ జాతికి చెందిన సింబలోమ్, బల్ల దగ్గరకు వచ్చి చెవి పక్కనే వాయించే ప్రధాన వయొలిన్ విద్వాంసుడు ఇవన్నీ ఒకసారి చూడదగ్గవి. వారు వాయించాక నగదు ఇవ్వడం ఆనవాయితీ. మాట్లాడుకోవడానికి కుదిరే సాయంత్రం కావాలంటే మాత్రం వాద్యబృందానికి దూరంగా ఉన్న బల్ల అడగడం మంచిది.

అక్కడ ఏమి తినాలన్నది అసలు ప్రశ్న. గుయాష్, పొర్‌కొల్త్ వంటివి అక్కడ చెడ్డగా ఉండవు, కానీ చిన్న హోటల్‌లో దొరికే దానికి రెట్టింపు ధర పెట్టి తినేంత తేడా వాటిలో ఉండదు. అడవిపంది, జింక మాంసాలతో చేసే వంటకాలు, తోకై తీపి ద్రాక్షసారా; అక్రోటు, ఎండుద్రాక్ష, రమ్ కూరి పైన చాక్లెట్ సాస్ పోసే గుండెల్ పాలచింతా అనే పల్చటి అట్టు ఇటువంటి చోటికి తగినవి. బాతు కాలేయం గురించి ఒక మాట: హంగేరీ దాని ఉత్పత్తిలో ప్రపంచంలోనే ముందున్న దేశాల్లో ఒకటి; పక్షులకు బలవంతంగా మేత పెట్టి పెంచే పద్ధతి వల్ల ఎన్నో దేశాలు దాన్ని వ్యతిరేకిస్తున్నాయి, భారత ప్రభుత్వం 2014లో దిగుమతినే నిషేధించింది. మెనూలో అది మొదటి వరుసలోనే కనిపిస్తుంది కనుక తినాలా వద్దా అన్నది బయలుదేరే ముందే తేల్చుకోవచ్చు.

వాడకట్టు హోటల్ దగ్గరకు వస్తే నా పక్షపాతం దాచుకోను. దన్యూబ్ నదికి పెస్ట్ వైపున ఊయ్‌లిపోత్వారోష్ అనే నివాస ప్రాంతంలోని పొజొన్యి కిష్వెండేగ్లో ఈ తరహాకు మంచి ఉదాహరణ: గళ్ల మేజాబట్టలు, దగ్గర దగ్గరగా వేసిన బల్లలు, పక్క వీధుల్లో ఉండే కుటుంబాలు, ఒక మనిషికి మించిన వడ్డన. బుడా వైపు ఉత్తరాన ఓబుడాలోని కేహ్లి మరింత పాతది, మరింత పేరున్నది. తన చివరి సంవత్సరాలు ఓబుడాలో గడిపి 1933లో మరణించిన రచయిత ద్యులా క్రూది అక్కడికి తరచూ వెళ్లి, కాల్చిన రొట్టె మీద ఎముక మూలుగ రాసుకుని తినేవాడట. ఆ మూలుగ నేటికీ ఆ హోటల్ ప్రత్యేకత. పర్యాటకులకు కూడా తెలిసిన చోటు కావడంతో కేహ్లిలో ధరలు కొంత ఎక్కువే, అయినా వంట మాత్రం ఇంటి పద్ధతిని వదలలేదు.

ఇటువంటి హోటళ్ల బలం అంతా నిన్నటి నుంచి పొయ్యి మీద ఉన్నట్టు తోచే వంటకాల్లో ఉంటుంది. పప్రికాష్ చిర్కె, అంటే పుల్లటి మీగడ కలిపిన కోడి కూర, దాని పక్కన చిన్న చిన్న పిండి ఉండలుగా ఉండే నోకెద్లి. పుల్లని క్యాబేజీలో చుట్టి ఉడికించిన మాంసం, బియ్యం ముద్దలు. వాలుగ జాతి చేపతో చేసే హర్చా పప్రికాష్, దాని కింద పెరుగు జున్ను కలిపిన నూడుల్స్. వీటిలో ఏదీ అప్పటికప్పుడు పది నిమిషాల్లో తయారయ్యేది కాదు. రోజూ అదే తినే పొరుగువారు ఉన్నప్పుడే వంటవాడు నిక్కచ్చిగా ఉంటాడు. చేపల పులుసు మీద మమకారం ఉన్న తెలుగువారు హలాస్లే తప్పక తినాలి, కానీ చింతపండు పులుపు కోసం వెతకకూడదు. సెగెద్ పద్ధతిలో చిన్న చేపలను ఉల్లిపాయతో ఉడికించి వడగట్టి ఆ రసంలో పెద్ద చేప ముక్కలు వేస్తారు. బాయా పద్ధతిలో వడగట్టరు, పైగా సన్నని నూడుల్స్ కలుపుతారు. నాకు బాయా పద్ధతే నచ్చుతుంది. వడగట్టని రసంలో చేప రుచి మొరటుగా, నిండుగా ఉంటుంది. వీటి బరువును తట్టుకోవడానికి పక్కన ఊరబెట్టిన దోసకాయో క్యాబేజీయో విడిగా అడగాలి. దాని ధర బిల్లులో విడిగానే వేస్తారు.

లోపాలూ ఉన్నాయి. శుక్ర, శనివారాల సాయంత్రాల్లో ముందుగా బల్ల కేటాయించుకోకపోతే నిలబడాల్సి వస్తుంది. వెయిటర్లు నవ్వుతూ పలకరించరు, కానీ అది కోపం కాదు, అక్కడి తీరు. శాకాహారులకు వేయించిన జున్ను, వేయించిన పుట్టగొడుగులు మించి ఎక్కువగా దొరకదు. గోమాంసం తినని వారు మెనూలో మర్హ అన్న మాట కోసం చూసుకోవాలి; గుయాష్ మామూలుగా దానితోనే చేస్తారు, పొర్‌కొల్త్‌కు కోడి, పంది, గొర్రె అన్నీ వాడతారు కనుక అడిగి తెలుసుకోవాలి.

మూడో ఎంపిక అయిన ఏత్కెజ్దెను పర్యాటకులు దాదాపు పట్టించుకోరు, అదే దాని అదృష్టం. పాత యూదుల వాడలో క్లౌజాల్ కూడలి దగ్గర 1957లో మొదలైన కాదార్ ఏత్కెజ్దె ఈ తరహాకు దశాబ్దాల పాటు ప్రతీకగా నిలిచింది: బల్ల మీద సోడా సైఫన్, బుట్టలో రొట్టె ముక్కలు, వెళ్లేటప్పుడు ఏమేమి తిన్నారో, ఎన్ని రొట్టె ముక్కలు, ఎన్ని గ్లాసుల సోడా అయ్యాయో మీరే చెప్పి తలుపు దగ్గర డబ్బు కట్టడం. వారాంతంలో అక్కడ వడ్డించిన చిక్కుడు గింజలు, బార్లీ, బాతు మాంసం కలిపిన షోలెత్ యూదుల సబ్బాతు వంట. ఇటువంటి మెస్సుల్లో చాలావరకు సోమవారం నుంచి శుక్రవారం వరకు మధ్యాహ్నం మాత్రమే నడుస్తాయి. రోజువారీ మెనూ అనే సూప్, ప్రధాన వంటకం కలిపిన భోజనానికి అయ్యే ఖర్చు పెద్ద రెస్టారెంట్‌లో ఒక ప్రధాన వంటకానికి అయ్యే దానిలో సగం కూడా ఉండదు.

మాంసం లేకుండా తినే తెలుగువారికి మూడింటిలో ఇదే మేలని నేను గట్టిగా చెబుతాను. ఏత్కెజ్దెకు ప్రాణం ఫోజెలేక్: బఠాణీలు, పాలకూర, కాయధాన్యాలు, సోయకూర వేసిన గుమ్మడి జాతి కాయలు ఇలా ఒకే కూరగాయను ఉడికించి పిండితోనో మీగడతోనో చిక్కబరిచిన గుజ్జుకూర. పైన మాంసానికి బదులు వేయించిన గుడ్డు అడగవచ్చు, ఏమీ వద్దనవచ్చు. గసగసాలు, చక్కెర చల్లిన నూడుల్స్‌ను అక్కడ తీపి పదార్థంగా కాక భోజనంగానే తింటారు. వేసవిలో పుల్లని చెర్రీలతో చేసే చల్లని సూప్ కూడా మాంసం లేనిదే. అయితే కఠిన శాకాహారులు ఒక ప్రశ్న తప్పక అడగాలి: ఉల్లిపాయలను నూనెలో వేయించారా, పందికొవ్వులోనా? లెచో వంటి మిరపకాయ, టొమాటో కూరలో కూడా సాసేజ్ ముక్కలు ఉండవచ్చు. చిన్న మెస్‌లో వంట చేసేవారు పది అడుగుల దూరంలోనే ఉంటారు కనుక జవాబు నేరుగా దొరుకుతుంది. పెద్ద రెస్టారెంట్‌లో ఆ ప్రశ్న ఇద్దరు ముగ్గురి చేతులు మారి తిరిగి వస్తుంది.

1897 నాటి పెద్ద మార్కెట్ భవనంలో పై అంతస్తు దుకాణాలను కొందరు నాలుగో ఎంపికగా చెబుతారు. పుల్లటి మీగడ, తురిమిన జున్ను వేసిన వేడి లాంగోష్ అనే నూనెలో వేయించిన రొట్టెను నిలబడి తినడానికి అది సరైన చోటే. కూర్చుని భోజనం చేయడానికి కాదు.

ఇంటి పెద్దవారితో వెళ్లినా, పెళ్లిరోజు వంటి సందర్భమైనా వైభవశాలకు ఖర్చు పెట్టడం వ్యర్థం కాదు. మధ్యాహ్నం వెళితే అదే గది వెలుగులో ఇంకా బాగా కనిపిస్తుంది, తక్కువ ధరకు మధ్యాహ్నపు మెనూ ఉందేమో కూడా అడగవచ్చు. పిల్లలతో వెళ్లినవారికి, ఆకలితో వెళ్లినవారికి వాడకట్టు హోటలే సరైనది. బిల్లు వచ్చాక మాత్రం, చోటు ఏదైనా, దానిలో సేవా రుసుము ముందే కలిపారో లేదో చూడాలి. తరచూ 10 నుంచి 15 శాతం వరకు ఉంటుంది, అది ఉంటే మళ్లీ టిప్ ఇవ్వనక్కరలేదు. రుసుము లేని చోట నగదు చెల్లిస్తుంటే, ఎంత ఉంచుకోవాలో నోటితో చెప్పి ఇవ్వాలి. పెద్ద నోటు ఇస్తూ ఊరికే మర్యాదకు ధన్యవాదాలు చెబితే, చిల్లర మీరే ఉంచుకోండి అన్నట్టుగా వెయిటర్ తీసుకుంటాడు.