సఫోక్‌లో టెస్ట్ పిట్ వీకెండ్: వెళ్ళొచ్చా వద్దా?

టెస్ట్ పిట్ అంటే పాతకాలం ఆనవాళ్ళ కోసం తవ్వే చిన్న గుంత. బంగారు నాణేలు, అస్థిపంజరాలు దొరుకుతాయని వెళ్ళేవాళ్ళకి టైం దండగ. మిగతావాళ్ళు హాయిగా వెళ్ళండి, నా రేటింగ్ 5కి 4.

ఇంగ్లండ్ తూర్పున సఫోక్‌లో ఒక చిన్న పారిష్, మన గ్రామ పంచాయతీ లాంటిది అనుకోండి, అక్కడి లోకల్ హిస్టరీ గ్రూప్ వాళ్ళు వాలంటీర్లతో తవ్విస్తారు. తవ్వేది ఏ కోట దగ్గరో కాదు, జనం కాపురం ఉంటున్న ఇళ్ళ పెరట్లోనే. ఇంటివాళ్ళు సరే అంటే లాన్‌లో మీటర్ బై మీటర్ చదరం కొలిచి తాడు కట్టి, పచ్చికని పలకలుగా కోసి పట్టా మీద వరసగా పేర్చి (చివర్లో గుంత పూడ్చాక మళ్ళీ అదే వరసలో పరవాలి కదా), 10 సెంటీమీటర్ల పొర చొప్పున కిందికి దిగుతూ పోవడమే. తీసిన మట్టంతా జల్లెడ పట్టాలి, ఏ పొరలోది ఆ పొర సంచిలోనే వెయ్యాలి, కలిపేశారా ఇక ఆ గుంతకి విలువ లేనట్టే.

దొరికేవి ఏంటంటే కుండ పెంకులు, మేకులు, ఎముక ముక్కలు, పొగాకు తాగే మట్టి గొట్టాల విరిగిన ముక్కలు, పైపొరల్లో నీలం తెలుపు పింగాణీ. అదృష్టం బాగుంటే థెట్‌ఫోర్డ్ వేర్ అనే బూడిద రంగు పెంకు, సుమారు 850 నుంచి 1100 మధ్యది. టూత్‌బ్రష్‌తో కడిగి ట్రేలో పెట్టినప్పుడు దాని మీద కుమ్మరి సారె గీతలు కనిపిస్తాయి చూడండి, అది మాత్రం భలే ఉంటుంది.

కానీ నాకు అసలు నచ్చింది ఏమీ దొరకని పొరని కూడా ఫారంలో రాయించడం. ఖాళీయే కదా అని మనం వదిలేస్తామా, వాళ్ళు వదలరు, ఎందుకో కూడా చెప్పారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు 2004లో మొదలుపెట్టిన యాక్సెస్ కేంబ్రిడ్జ్ ఆర్కియాలజీ అనే కార్యక్రమం ద్వారా, టైమ్ టీమ్ టీవీ షోలో కనిపించే కరెంజా లూయిస్ ఆధ్వర్యంలో, ఈ తూర్పు జిల్లాల్లో స్కూలు పిల్లలు, ఊరివాళ్ళు ఇలాగే 2,000 దాకా గుంతలు తవ్వారు. 55 ఊళ్ళ లెక్కలన్నీ కలిపి 2016లో పేపర్ వేస్తే, 1348-49 ప్లేగు తర్వాతి కాలం పెంకులు అంతకుముందు కంటే సుమారు 45 శాతం తక్కువ అని తేలింది. కుండలు తగ్గాయంటే వండుకుని తినే మనుషులు తగ్గినట్టేగా. ఒక్క పెరడు చూస్తే ఏమీ తెలీదు, వేల గుంతల్లో ఖాళీ పొరలు లెక్కపెడితే తెలిసింది.

ఇక మైనస్‌లు. నేల గట్టి బంకమన్ను, వాన పడితే జల్లెడ పట్టడం కాదు ముద్దలు పిసకడమే, మోకాళ్ళ కింద మందపాటి మ్యాట్ లేకపోతే మర్నాడు మెట్లు దిగలేరు. చర్చి హాల్లో ఒక్కటే టాయిలెట్. పెద్ద కంప్లయింట్ ఏంటంటే రిపోర్ట్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు, పెంకులు స్పెషలిస్ట్‌కి పంపాం అంటారు, నెలలు గడుస్తాయి, మనం మెయిల్ చేస్తే తప్ప ఉలుకూ పలుకూ ఉండదు. ఒక స్టార్ కోసింది దీనికే. టీ, కేకులకి మాత్రం వంక పెట్టలేం.

దొరికింది జేబులో వేసుకుందాం అనుకోకండి, మామూలు వస్తువులు స్థలం ఓనర్‌వి, బంగారం వెండి లాంటి ట్రెజర్ అయితే 14 రోజుల్లోపు అధికారికంగా చెప్పాల్సిందే, చట్టం ఉంది.

మన దగ్గర లైసెన్స్ లేకుండా ఇలా తవ్వడం కుదరదు. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇంట్రెస్ట్ ఉంటే కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటి వాళ్ళు ఊరూరా తిరిగి శాసనాలు, రాక్షసగుళ్ళు (పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులు) రికార్డ్ చేస్తుంటారు, అటు చూడండి. యూకేలో ఉన్నవాళ్ళు పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, జల్లెడ దగ్గర వాళ్ళ కళ్ళే చురుకు. టెటనస్ ఇంజెక్షన్ ముందే చూసుకోండి, గ్లవ్స్ మీవే పట్టుకెళ్ళండి, అక్కడ ఇచ్చేవన్నీ ఎక్స్‌ట్రా లార్జే.